కొంగ కాలి లోతు

'ఆవాసం' పాఠాన్ని చాలా ఏళ్లు నల్లబల్ల మీద బొమ్మ గీసే చెప్పాను. చెరువు, అందులో చేప, గట్టున చెట్టు, చెట్టు మీద కొంగ. నాలుగో తరగతి పిల్లలు చక్కగా దించుకునేవారు, పరీక్షలో చక్కగా రాసేవారు. అందులో పాఠమే లేదని నాకు తెలిసింది వాళ్లను వీరాపురం తీసుకెళ్లిన రోజున.

చిలమత్తూరు మండలంలోని ఊరది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా అనంతపురమే. చలికాలంలో ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని సాకుతాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ అంటారు. అది నిజం కాదు. ఈ కొంగ మన దేశపుదే, నీళ్లూ మేతా చూసుకుని మన చెరువుల మధ్యే తిరుగుతుంది. ఆ మాట చెబితే పిల్లలు కాస్త చిన్నబోయారు. నాకైతే అదే గొప్ప సంగతి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువనుకునే నేల మీద, పిల్లల్ని పెంచుకోవచ్చన్న ధైర్యం ఆ పక్షికుంది.

చెట్టు కింద వేలెడు చేప పడి ఉంది, సగం అరిగి. పిల్లలకు తల్లి కక్కిన మేత గూట్లోంచి జారినట్టుంది. ఒకడు గొంతుక్కూర్చుని పుల్లతో తిప్పి చూశాడు. "ఈడ నీళ్లే లేవు గదా సార్, చేప యాడిది?"

ఆ ప్రశ్నే మమ్మల్ని చెరువుకు నడిపించింది. అక్కడ నీళ్లలో నిలబడ్డ కొంగ ముక్కు సగం తెరిచి ముంచి, తలను అటూ ఇటూ ఆడిస్తోంది. చేపను కంటితో వెతకదు. ముక్కుకు తగిలిన క్షణంలో పట్టేస్తుంది. గట్టు మీదే పిల్లల్ని కళ్లు మూసుకోమని, అరచేతులు ముక్కులా తెరిపించి, మధ్యలో చింతగింజలు వేశాను. పది వేస్తే రెండు దొరికాయి.

"చెరువు నిండితే కొంగలకు ఇంకా బాగుంటాది గదా సార్?" అందొక పాప.

బాగుండదు. కొంగ ఈదుతూ వేటాడదు, నిలబడి వేటాడుతుంది. దానికి కావలసింది జానెడు నీళ్లు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు చెరువు నిండాలి, చేప పెరగాలి. తర్వాత నీళ్లు మెల్లగా తగ్గి చేపలన్నీ మడుగుల్లోకి చేరాలి. గూళ్లలో పిల్లలు నోళ్లు తెరిచేది ఆ రోజుల్లోనే. చెరువు ఇంకుతుంటే మనం దిగులు పడతాం. కొంగకు అప్పుడే వంట పూర్తవుతుంది. వానలే లేని ఏడు మాత్రం ఇద్దరికీ కరువే.

ఇలాంటి పాఠం కోసమే అమెరికా పడమటి తీరంలో బడిపిల్లల్ని సాల్మన్ చేపలు తిరిగొచ్చే వాగుల దగ్గరికి తీసుకెళ్తారు. సముద్రంలో పెరిగిన ఆ చేప ఎదురీది వచ్చి, పుట్టిన వాగులోనే గులకరాళ్ల కింద గుడ్లు పెడుతుంది. అక్కడి పిల్లలు నీటి చల్లదనం కొలుస్తారు. మా పిల్లలు కొలవాల్సింది లోతు.

లోతు ఒక్కసారి చూస్తే తెలిసేది కాదు. అందుకే ఇప్పుడు దూరం పోవడం తగ్గించాను. మా ఊరి చెరువుకే అక్టోబరులో, జనవరిలో, ఏప్రిల్‌లో మూడుసార్లు తీసుకెళ్తున్నాను. జానెడు దగ్గర గీత పెట్టిన కర్ర ఒకటి మా వెంట ఉంటుంది. పోయిన ఏప్రిల్‌లో చుక్క నీరు లేదు. ఒక పిల్లాడు ఆ కర్రను నెర్రెలోకి దించాడు. గీత దాటి ఇంకా లోపలికి పోయింది. వాడు మోచేయి దాకా చెయ్యి పెట్టి, అడుగున మట్టి చల్లగా ఉందని మిగతావాళ్లను పిలిచాడు.