వత్తు తెగని బటన్

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్లే బస్సు టికెట్ యాప్ ఒకటి సాధన కోసం గీసుకున్నాను. ఇంగ్లిషులో ముచ్చటగా కుదిరిన బటన్‌లో ‘కుప్పం’ అని పెట్టగానే ప వత్తు అడుగు తెగిపోయింది. ‘మదనపల్లె’లో ల వత్తుదీ అదే గతి. తెలుగు అక్షరం పైనా కిందా చోటడుగుతుంది. ‘స్త్రీ’ అని రాసి చూడండి, తెలుస్తుంది.

నేను గీసే డిజైన్ టూల్ ఫిగ్మాలో కాంపొనెంట్ విలువ నాకు అప్పుడే తెలిసొచ్చింది. 2016లో వచ్చిన ఈ ఏర్పాటులో మూలం ఒకటే, మిగతావన్నీ దాని ప్రతులు. మూలంలో బటన్ ఎత్తు, టెక్స్ట్ స్టైల్‌లో లైన్ హైట్ 20 నుంచి 28కి పెంచాను. అన్ని స్క్రీన్లలోనూ వత్తులు నిండుగా కనిపించాయి. ప్రతుల్లో నేను మార్చి రాసుకున్న ఊరి పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ మర్యాదంటే నాకెంతో ఇష్టం. లైబ్రరీగా పబ్లిష్ చేస్తే తోటివాళ్ల ఫైళ్లకూ కబురందుతుంది, వాళ్లు సరేనంటేనే మార్పు దిగుతుంది. తొందరపడి ప్రతిని మూలం నుంచి విడదీసే డిటాచ్ కొట్టేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ ప్రతి ఇక మూలం మాట వినదు.

ఒకే మూలం, ఎన్నో ప్రతులు అనే ఈ తీరు కళ్లారా చూడాలంటే మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరల మగ్గాలపై జకార్డ్ అట్టలు చూడండి. ఒకసారి చిల్లులు కొట్టిన అట్టల దండతో చీర తర్వాత చీరకు అదే బుటా పడుతుంది, రంగులు మాత్రం దేనివి దానివే.