లాంచీ మీంచి కనపడని ఇల్లు

బాపు 'అందాల రాముడు' (1973), శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) రెండూ లాంచీ ఎక్కి భద్రాచలం వెళ్లే కథలే. రెండూ నాకిష్టం. కానీ కథంతా లాంచీ వాళ్లది. ఒడ్డునున్న కోయల, కొండరెడ్ల ఇళ్ల వానాకాలం అందులోకి రాదు.

ఆ ఇళ్లలో వరద పని నీళ్లు రాకముందే మొదలవుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటిదానికే విత్తనాలు అటక ఎక్కాలి, మేకలు గుట్ట ఎక్కాలి, పశువుల పలుపులు విప్పాలి. పోడు పట్టా, ఆధార్, రేషన్ కార్డు పాలిథిన్ కవర్లో చుట్టాలి. నెలలు నిండిన కోడలిని దారి మునగకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 వచ్చాయి. అంత నీటికి అటక చాలదు, గుట్టే దిక్కు.

ఇందులో కథ లేదా? ముసలామె ఇల్లు కదలనంటుంది. కొడుకు అరుస్తాడు. ఈలోగా నది పోటుకు వాగు వెనక్కి తన్నుతుంది.

ఫిల్మ్‌నగర్‌కు వరద అంటే హీరో దూకే చోటు, లేదంటే తర్వాత ఇచ్చే విరాళం. 2014లో హుద్‌హుద్ తర్వాత 'మేము సైతం' అని తారలంతా కలిసి డబ్బు పోగుచేశారు. మంచి పనే. తుపానుకు ముందురోజు ఇల్లు మాత్రం వాళ్లకు పెద్దగా పట్టదు. జూబ్లీహిల్స్ రాళ్లగుట్టల మీది ఊరు మరి, గోదావరికి భయపడే పని దానికి లేదు.

బళ్లో 'గోదావరి' చూపించే టీచర్లు మధ్యలో ఒకసారి ఆపి పిల్లల్ని అడగండి: మీ ఇంటి పట్టా ఇప్పుడు ఎక్కడుంది?