సోల, తవ్వ, పిజ్జా ముక్క

మా బడికి వచ్చిన వీడియో పాఠాల్లో భిన్నాల పాఠం పిజ్జాతో మొదలవుతుంది. నలుగురు స్నేహితులు, ఒక పిజ్జా, నాలుగు సమాన ముక్కలు. బొమ్మ బాగుంది, గొంతు స్పష్టంగా ఉంది. అదేమిటని మా నాలుగో తరగతి పిల్లల్ని అడిగితే ఒకరు చందమామ అన్నారు, ఇంకొకరు అప్పడం అన్నారు. అప్పడం అన్నవాడికి ముక్కలు చేయడం తెలుసు. కాని అప్పడం దాని ఇష్టం వచ్చినట్టు విరుగుతుంది, సమానంగా విరగదు. పాఠం చివర అయిదు ప్రశ్నలు వచ్చాయి. ఎక్కువమందికి రెండే ఒప్పయ్యాయి. 'మళ్లీ ప్రయత్నించు' అని తెర మీద పడింది.

ఇదే పిల్లలు సంతరోజున అమ్మ పక్కన కూర్చుని కందులు కొలుస్తారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఊరూరికీ కొంత తేడా ఉన్నా వరస ఇదే. దీంట్లో సగం ఉంది, పావు ఉంది, ఎనిమిదో వంతు ఉంది. మానికలో సోల ఎన్నో వంతని అడిగితే వాళ్లు వేళ్లు కూడా మడవరు. భిన్నాలు వీళ్లకు రావని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రానిది పిజ్జా.

తప్పు యంత్రానిది కాదు, పాఠం అల్లినవాళ్లది. పాఠం అల్లడానికి ఇప్పుడు ఒక శాస్త్రమే ఉంది, ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ అంటారు. అందులో బాగా వాడే పద్ధతిని 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా సైన్యం కోసం తయారు చేశారు. విశ్లేషణ, రూపకల్పన, తయారీ, అమలు, మూల్యాంకనం అని అయిదు మెట్లు. మొదటి మెట్టు విశ్లేషణ. నేర్చుకునేవాడు ఎవరు, వాడికి ముందే ఏం తెలుసు, ఏ భాషలో తెలుసు అని అక్కడ అడగాలి. రాబర్ట్ గాన్యే అనే ఆయన చెప్పిన తొమ్మిది బోధనా దశల్లోనూ కొత్త విషయం చూపించక ముందే, పిల్లవాడికి తెలిసినదాన్ని గుర్తు చేయమనే దశ ఉంది. అంటే సోల, తవ్వ గురించి నేను చెప్పేది ఆ శాస్త్రానికి ఎదురు మాట కాదు, అది అడిగేదే. మన దగ్గరికి వచ్చే పాఠాల్లో నాలుగు మెట్లు కనిపిస్తాయి, మొదటిది కనిపించదు.

మన దేశంలో ఇది ఇవాళ కొత్తగా వచ్చిన చిక్కు కాదు. అదే 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా ఇచ్చిన ఉపగ్రహంతో 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు టీవీలు పెట్టారు. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. తెలుగు పల్లెలకు తెలుగులో వచ్చాయి, అది మంచిదే. కాని ఎన్నో జిల్లాలకు ఒకే కార్యక్రమం. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఇంకో దారి పట్టారు. పిజ్ అనే ఊళ్లో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, అక్కడి ఊళ్ల జనంతోనే కార్యక్రమాలు చేశారు. 1984లో ఆ పనికి యునెస్కో బహుమతి వచ్చింది. పెద్ద ఉపగ్రహం కన్నా ఆ చిన్న ట్రాన్స్‌మిటర్ దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఎక్కువని నాకనిపిస్తుంది.

తర్వాత 2017లో దీక్షా వేదిక వచ్చింది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి. వీటిని నేను వద్దనను. గుండె ఎలా కొట్టుకుంటుందో నల్లబల్ల మీద నేను గీసే బొమ్మ కన్నా ఆ వీడియో నయం. ఒక్క టీచరే ఉన్న బడిలో, ఒక తరగతికి చెప్పేటప్పుడు ఇంకో తరగతిని కూర్చోబెట్టడానికైనా అది అక్కరకొస్తుంది. ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూడొచ్చు. నన్నైతే మూడోసారి అడగడానికి పిల్లలు జంకుతారు.

అసలు బాధ భాష దగ్గర. మా కోయలో 'ఏర్' అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. 'లోన్' అంటే మాకు ఇల్లు, తెలుగులో లోన అంటే లోపల. ఒకటో తరగతి పిల్లవాడికి తెలుగు పూర్తిగా తెలియదనీ అనలేం, తెలుసనీ అనలేం. వాడు తలూపుతాడు, వేరే అర్థంతో. ఎదురుగా ఉన్న టీచరు ముఖం చూసి పట్టుకుంటాడు. వీడియో పట్టుకోదు, ముందుకు పోతుంది. చివర్లో వచ్చే పరీక్ష కొలిచేది వాడి లెక్కల్ని కాదు, వాడి తెలుగుని, కొన్ని చోట్ల ఇంగ్లీషుని. అయినా ఆ మార్కు లెక్కల మార్కుగానే పైకి పోతుంది. 'వెనకబడిన పిల్లవాడు' అన్న మాట ఒకప్పుడు టీచరు నోట్లో ఉండేది. ఇప్పుడది పట్టికలో ఎక్కుతోంది, చెరపడం ఇంకా కష్టం.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలో చెప్పమంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాష అంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనైతే అంతకు చాలా ముందే కోయ, గోండి, కొలామి, సవర, కువి లాంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల పుస్తకాలు చేశారు. ఆ పుస్తకాల కోసం పాటలు, కథలు, పండుగల పేర్లు పోగుచేసిన అనుభవం మనవాళ్లకుంది. వీడియోల దగ్గరికి వచ్చేసరికి ఆ అనుభవాన్ని పిలిచినవాళ్లు నాకు కనబడలేదు.

పిలిచేదాకా ఆగనక్కర్లేదు. నేను ముందు శబ్దం తీసేసి వీడియో నడుపుతాను. కనిపించింది కోయలో చెప్పమంటాను. వాళ్ల మాటలు బల్ల మీద తెలుగు లిపిలో రాస్తాను, ఆ తర్వాతే శబ్దం పెడతాను. పాఠానికి ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది. సిలబస్ వెనకబడుతుందని నాకు మాట పడుతుంది, పడనీ.

డీఎడ్, బీఎడ్ చదివిన మన పిల్లలకు ఒక పని చెప్తాను. మీ ఫోన్‌లో మూడు నిమిషాల భిన్నాల పాఠం మీ భాషలో చేయండి. బొమ్మలు అక్కర్లేదు, కందులు, సోల, మానిక చాలు. మొదలుపెట్టగానే ఒక చిక్కు వస్తుంది. 'పావు' అన్నదాన్ని కోయలో ఏమనాలి, తెలుగు మాటే ఉంచాలా? నేను అడిగితే ఒక్కో ఊళ్లో ఒక్కో మాట చెప్పారు. సంతలో కొలిచే మన ఆడవాళ్లని కూర్చోబెట్టి అడగండి, ఏ ఊళ్లో ఏ మాటో రాసుకోండి. రికార్డింగ్ ఆ తర్వాత.