రాజధాని పలుకునా? - ఆంగ్ల ప్రయోగము, తెలుగు నుడికారము

ఆంగ్ల వార్తాపత్రికను తెరచినచో రాజధానీనగరములు మాటలాడుచుండును. వాషింగ్టను హెచ్చరించును, లండను విచారము వెలిబుచ్చును, మాస్కో ఖండించును, న్యూఢిల్లీ ఆచితూచి బదులు చెప్పును. నగరమునకు నోరు లేదు గనుక, అచ్చటనుండి పాలించు ప్రభుత్వమే మాటలాడుచున్నదని చదువరి గ్రహించును. ఈ ప్రయోగము నేడు మన పత్రికలలోను, విద్యార్థుల వ్యాసములలోను యథాతథముగా ప్రవేశించినది. ఇది తెలుగునకు తగునా, తగినచో ఎంతవరకు తగును అను విషయమును విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

మన ఆలంకారికులకు ఇట్టి ప్రయోగము క్రొత్త గాదు. మంచెలు కేకలు వేయుచున్నవి అనునది శాస్త్రప్రసిద్ధమైన ఉదాహరణము. కేకలు వేయునవి మంచెలు కావు. వానిపై కూర్చుండి పైరు కాయువారు. జొన్నచేల నడుమ పెరిగిన మా నాందేడు పిల్లలకు దీనిని వేరుగా వివరింప బనిలేదు. ఆధారమును చెప్పి ఆధేయమును గ్రహింపజేయు ఈ వ్యాపారమే లక్షణ. దీనికి మమ్మటుడు మూడు నియమములు చెప్పెను: ముఖ్యార్థమునకు బాధ కలుగవలెను, లక్ష్యార్థమునకు దానితో సంబంధముండవలెను, రూఢి గాని ప్రయోజనము గాని ఉండవలెను. కావున పరదేశీయమను ఒక్క కారణమున రాజధానీప్రయోగమును త్రోసివేయుట న్యాయము కాదు.

అయినను భేదమొకటి కలదు. "ఊరు పొమ్మంటుంది, కాడు రమ్మంటుంది" అను సామెతలో ఊరు మాటలాడుచునే యున్నది. ఊరంతయు కదలివచ్చినది అనియు అందుము. ఇచ్చట ఊరనగా ఊరిలోని జనులందరు. లండను అంగీకరించినది అన్నప్పుడో, అంగీకరించినవారు కొద్దిమంది మంత్రులు. అచ్చటి కూరగాయల అంగడివాడు ఆ సంగతినే యెరుగడు. మన లక్షణ అర్థమును పదిమందికి విస్తరింపజేయును. ఆంగ్లేయుల లక్షణ కొందరికి కుదించును. "ఢిల్లీకి రాజైనా తల్లికి కొడుకే" అను సామెతను చూడుడు. ఇందు ఢిల్లీ షష్ఠీవిభక్తిలో నిలిచినది. ఆ రాజ్యభారము మోయువాడు రాజు. తెలుగువాడు పాలకుని ముందు నిలిపి, నగరమును అతని వెనుక నుంచెను.

మన పత్రికలు ఢిల్లీకి వాడు హస్తిన అను పేరు ఇంకొక విధమైనది. హస్తినాపురము నేటి ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ జిల్లాలోనిది. యమునాతీరమందలి ఢిల్లీని సంప్రదాయము ఇంద్రప్రస్థముతో ముడిపెట్టును. భూగోళము ననుసరించి ఇది తప్పే. కాని భారతకథయందును, తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములందును హస్తిన యనగా రాయబారము నడచు కొలువు. అర్థించుటకు పోయినవాడు వట్టిచేతులతో మరలదగిన చోటు. నాయకుడు హస్తినకు పయనమయ్యెనన్నచో ఈ భావమంతయు స్ఫురించును. ఇది ప్రయోజనవతి యైన లక్షణ, మనదైన సొమ్ము.

ఇక దోషమెచ్చట? లక్ష్యార్థము ఏకముగా తేలనిచోట. మా నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. హైదరాబాదు ఉత్తరువు అనగా 1948 సెప్టెంబరు వరకు నిజాము ప్రభుత్వముది. పిమ్మట కేంద్రము నియమించిన పాలనది. 1952లో ఎన్నికైన మంత్రివర్గము వచ్చిన తరువాత దానిది. నగరనామ మొక్కటే, పాలకులు ముగ్గురు. 1956 నవంబరు 1న మేము బొంబాయి రాష్ట్రమున చేరితిమి. 1960 మే 1న మహారాష్ట్రము వెలసెను. ఆ రాజధాని పేరు సైతము 1995లో ముంబయి యైనది. 2014 మొదలు పదేండ్లు హైదరాబాదు రెండు తెలుగు రాష్ట్రములకును ఉమ్మడి రాజధాని. ఆ కాలమున హైదరాబాదు సమ్మతించినది అని వ్రాసినచో సమ్మతించిన దెవ్వరు? ఢిల్లీకి తనదైన శాసనసభయు కలదు గనుక, ఢిల్లీ ప్రభుత్వము అను మాటయు సందేహమునకు తావిచ్చును.

ఇది వ్యాకరణమాత్రమైన చర్చ కాదు. ఒకమారు తెలుగు ఉపాధ్యాయుని కొలువు ఖాళీగా నున్నందున కొందరు పెద్దలు విన్నపము వ్రాసిరి. అందు "రాజధాని ఇంకను అంగీకరింపలేదు" అను వాక్యము కలదు. ఏ కార్యాలయము, ఏ అధికారి అని నేనడిగితిని. ఎవ్వరును చెప్పలేకపోయిరి. విన్నపము ఎవరి బల్లపైకి పోవలెనో తెలియక నెలలు గడచినవి. కర్త లేని వాక్యమునకు జవాబు వ్రాయు బాధ్యత ఎవ్వరిపైనను పడదు. సంఖ్యలో స్వల్పమైన భాషీయులకు ఈ నష్టము మిక్కిలి పెద్దది. మాకు విన్నపము తప్ప వేరు బలము లేదు.

కావున నా సిద్ధాంతమిది. దేశముల నడుమ వ్యవహారమును చెప్పునపుడు రాజధానీనామము రూఢముగా వాడవచ్చును. హస్తిన వంటి ధ్వనిగల పేరు ప్రయోజనమున్నచోట వాడదగును. కాని పౌరుడు తన హక్కునుగూర్చి వ్రాయునపుడు నగరమును కర్తగా నిలుపరాదు. శాఖను, పదవిని, తేదీని స్పష్టముగా పేర్కొనవలెను. మా తరగతిలో ఒక బాలుడు "ముంబయి సెలవు ప్రకటించింది" అని వ్రాసినచో నేను దానిని కొట్టివేయను. ప్రక్కన "ఎవరు?" అని మాత్రము వ్రాయుదును. మంచె కేక వేసినపుడు దానిపై నున్నవాని ముఖమును చూడ నేర్పుట భాషోపాధ్యాయుని విధి.