చిత్రములో చిత్రము: ఒక విజ్ఞాన పాఠముపై విమర్శ

మన నల్లగొండ పేరు మీదుగా విజ్ఞాన గ్రంథములకు ఎక్కిన నీటిశుద్ధి విధానము ఒకటి కలదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించిన ఈ ‘నల్లగొండ పద్ధతి’లో పటిక, సున్నము కలిపినచో నీటిలోని ఫ్లోరైడు మడ్డితో పాటు అడుగునకు దిగును. దీనిని బోధించు ఒక వీడియో పాఠమును ఈ మధ్య మా విద్యార్థులతో కలిసి చూచితిని. దానిని తయారు చేసినవారి పేరు ఇచట అవసరము లేదు. ఇందలి గుణదోషములు ఇట్టి పాఠములు అనేకములలో ఉన్నవి.

పాఠములో తెరనిండ ఒక గ్రాఫు. కుడివైపు క్రింది మూలలో చిన్న కిటికీ వలె మాటలాడుచున్న ఉపాధ్యాయుడు. దీనినే ‘పిక్చర్ ఇన్ పిక్చర్’, అనగా చిత్రములో చిత్రము, అందురు. 1976 మాంట్రియల్ ఒలింపిక్ ప్రారంభోత్సవ ప్రసారములో క్రీడాజ్యోతి దగ్గరి దృశ్యమును పెద్ద దృశ్యములో ఇమిడ్చి చూపుటకు ప్రత్యేకమైన డిజిటల్ యంత్రము కావలసి వచ్చినది. నేడు ఓ.బి.ఎస్. స్టూడియో వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఏ ఉపాధ్యాయుడైనను ఇంటి కంప్యూటరుపై ఆ పని చేయగలడు. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా తెలంగాణలో డిజిటల్ పాఠములు ఆరంభమైన పిదప తెరపై పాఠము మన పిల్లలకు క్రొత్త కాదు. కావున ఈ కిటికీ మేలు కీడులను విచారించుట అవసరము.

ఇది పనిచేయు తీరు సులభమే. కంప్యూటరు తెరపై బొమ్మలు పొరలు పొరలుగా ఉండును. గాజుపలకలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఊహించుకొనుడు. అడుగు పొర గ్రాఫు. పై పొర వీడియో. పై పొర పూర్తిగా అపారదర్శకమైనచో దాని క్రిందనున్న ప్రతి పిక్సెలు మరుగున పడును. పై పొరకు 0.5 పారదర్శకత ఇచ్చినచో రెండు పొరల రంగులు సగము సగము కలియును. అప్పుడు ముఖముపై అంకెలు, అంకెలపై ముఖము కనబడి రెండును చెడును. కావున పారదర్శకత దీనికి మందు కాదు.

ఇక పాఠమునకు వత్తము. గ్రాఫులో అడ్డ అక్షముపై పటిక మోతాదు, నిలువు అక్షముపై నీటిలో మిగిలిన ఫ్లోరైడు. మోతాదు పెరిగిన కొలది రేఖ ఎడమవైపు పైనుండి కుడివైపు క్రిందికి దిగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. రేఖ ఆ పరిమితి కంటె దిగువకు పోవు చోట నీరు, ఫ్లోరైడు మట్టుకు, త్రాగదగినదగును. పాఠమునకు ప్రాణము ఆ చోటే. సరిగా అచటనే ఉపాధ్యాయుని ముఖము కూర్చున్నది! “ఎంత పటిక వేయవలెను?” అని అడుగగా మా తరగతిలో ఒక్కరును చెప్పలేకపోయిరి. తప్పు వారిది కాదు.

రెండవ దోషము “ఇక్కడ చూడండి” అను మాట. నల్లబల్ల దగ్గర నిలిచిన గురువు వ్రేలు గీతను తాకును. కిటికీలోని గురువు వ్రేలు కిటికీ దాటి రాలేదు. ‘ఇక్కడ’ ఎక్కడో విద్యార్థి ఊహించుకొనవలసినదే. గ్రాఫుపై ఒక బాణపు గుర్తు కదిలినను చాలును.

మూడవది పరిమాణము. కిటికీ వెడల్పు, ఎత్తు తెరలో నాలుగవ వంతు చొప్పున ఉన్నచో దాని వైశాల్యము పదునారవ వంతు మాత్రమే. 14 సెంటీమీటర్ల వెడల్పుగల ఫోను తెరపై కిటికీ వెడల్పు 3.5 సెంటీమీటర్లు. పాఠము చివర ఆ కిటికీలోనే గాజుపాత్రను చూపిరి. ఇది మంచి ఆలోచన; అందులకు వారిని మెచ్చుకొనవలెను. కాని మడ్డి తునకలు కూడుకొని దిగుట అంత చిన్న బొమ్మలో ఎవరికి కనబడును?

ఇందలి మూలకారణ మొక్కటే. ఏది ముఖ్యము అను ప్రశ్న వేసికొనకుండ రెండింటిని ఒకేసారి చూపుట. ప్రయోగము జరుగునపుడు గాజుపాత్ర తెరనిండ ఉండవలెను. గ్రాఫు మూలకు పోవచ్చును. రేఖను చదువునపుడు గ్రాఫు ఒక్కటే ఉండి, గురువు కంఠము వినబడిన చాలును. పలుకరించునపుడు, ప్రశ్న వేయునపుడు ముఖము తప్పక కావలెను. ఒంటరిగా చదువుకొను పిల్లవానికి అది గొప్ప ధైర్యము. కిటికీ ఎల్లప్పుడు ఉండవలసినచో గ్రాఫు గీయక ముందే దానికి ఖాళీ చోటు విడువవలెను.

పాఠములు తయారుచేయు ఉపాధ్యాయులు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. పూర్తియైన పాఠమును చిన్న ఫోనులో ఒక విద్యార్థికి చూపి, గ్రాఫులోని ఒక విలువను చదువుమనుడు. చదువలేనిచో కిటికీని జరుపుడు. మన బావుల నీటిని గూర్చిన పాఠములో మన పిల్లలకు కనబడవలసినది ఆ విలువయే గదా.