ఎలుక మరచినదా, ఈదలేకపోయినదా?

మా తిరువూరులో ఒక పెద్దాయన కొంతకాలముగా కన్నకూతురి పేరే మరచుచున్నారు. "మాస్టారూ, ఎలుకలకు నయమైనదట గదా, మా నాన్నగారికి ఆ మందు తెప్పించవచ్చునా?" అని ఆమె నన్నడిగినది. ఎలుకల పరిశోధనలను ఎట్లు చదువవలెనో తెలిసిననే గాని దీనికి జవాబు చెప్పలేము.

ఒక ఉదాహరణ చూతము. అమెరికాలోని టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయమునకు చెందిన హేమచంద్రారెడ్డి, రమేశ్ కందిమళ్ల మున్నగువారు 2018లో "హ్యూమన్ మాలిక్యులర్ జెనెటిక్స్" పత్రికలో ఆల్జీమర్సు వ్యాధిపై ఒక వ్యాసము ప్రకటించిరి. స్వీడన్ దేశపు వంశమొకదానిలో కనుగొన్న జన్యుదోషమును మోయు చిట్టెలుకలను, 12 మాసముల వయస్సున, వీరు పరీక్షించిరి. వాటి మెదడులో ఎమిలాయిడ్ అను పదార్థము పేరుకొనును.

బురదనీటి చెరువులో మునిగియున్న మెట్టును కాలితో వెదకునట్లు, తొట్టిలో నీటి అడుగున దాగిన పీటను ఎలుక గుర్తుంచుకొని చేరవలెను. ఇది మోరిస్ పరీక్ష. తిరుగుచున్న కడ్డీపై నిలద్రొక్కుకొనుట మరియొక పరీక్ష. రెండింటను ఈ ఎలుకలు వెనుకబడినవి. రచయితలు అంతటితో ఆగక, నాడీకణముల కొమ్మలపై నుండు సూక్ష్మమైన మొలకలు తగ్గినవనియు, మైటోకాండ్రియాలు ముక్కలై పొట్టివైనవనియు చూపిరి. ప్రవర్తనను కణముతో ముడిపెట్టుట ఈ వ్యాసమునకు గల బలము.

కాని కడ్డీపై తడబడు ఎలుక నీటిలోను తడబడవచ్చును గదా! ఆలస్యమైనది మరపువలననా, అవయవముల పటుత్వము తగ్గుటవలననా? ఈత వేగమును కొలిచి, పీట పైకి కనబడునట్లుంచి మరల పరీక్షించిననే గాని ఈ సందేహము తీరదు. ఇట్టి వ్యాసము ఏది చదివినను పాఠకుడు మొదట వెదకవలసినది ఇదే.

రెండవ చిక్కు ఇంకను పెద్దది. రోగులలో అత్యధికులకు ఇట్టి వంశదోషము లేదు. వ్యాధి వార్ధక్యమున వచ్చును. మనుష్యుల మెదడులో నాడీకణములు విస్తారముగా నశించును. ఈ ఎలుకలలో అంత నాశము కనబడదు. 1999లో ఒక టీకా ఎలుకలలో ఎమిలాయిడ్ పేరుకొనుటను ఆపినది. మనుష్యులలో టీకా పొందిన 298 మందిలో 18 మందికి మెదడు వాచుటచే 2002లో ఆ ప్రయత్నమును నిలిపివేసిరి.

కావున ఎలుక మనకు దారి చూపును; గమ్యము చేరితిమని చెప్పజాలదు. ఆ కూతురితో "లేదమ్మా, ఇంకను కాదు" అని మాత్రమే అనగలిగితిని. లేని ఆశ కల్పించుటకన్న అదియే మేలు.