పిల్లి తిండిలోని బూడిద

పిల్లికొఱకు అంగడినుండి తెచ్చెడి తిండిసంచి వెనుకభాగమున, కన్నులకు శ్రమ కలిగించునంత చిన్న అక్షరములతో, ఒక పట్టిక యచ్చువేయబడి యుండును. మాంసకృత్తులు ఇంతకు తగ్గవనియు, క్రొవ్వు ఇంతకు తగ్గదనియు, పీచును తేమయు ఇంతకు మించవనియు వరుసగా చెప్పి, కొన్ని సంచులపై కట్టకడపట ‘బూడిద’ యని యొక అంకెను వేయుదురు. పిల్లిని సాకుట మొదలిడిన నాటినుండియు ఈ పట్టికను నిదానముగా చదువుట నాకొక నియమమైనది. ఆ సంగతి తెలిసిన ఇరుగుపొరుగువారు తమ సంచులనుగూడ అప్పుడప్పుడు తెచ్చి చూపుదురు. మా ప్రక్కవాటాలోని పిన్నిగారు మొన్న ఆ అంకెపై వ్రేలుంచి, “ఇదేమిటి నాయనా, ఇంత డబ్బు పుచ్చుకొని పిల్లి తిండిలో బూడిద కలుపుతారా?” యని నిజమైన వ్యాకులపాటుతో నడిగినది. కలుపరని ఒక్కమాటలో చెప్పి పంపవచ్చును. కాని ఆ బూడిద చుట్టును ఇంచుమించు అర్ధశతాబ్దముగా పెరిగిన శాస్త్రచరిత్రమును చెప్పిననే కాని ఆమె యడిగినదానికి సమాధానము పూర్తికాదు.

ప్రయోగశాలలో ఆ తిండిని కొంచెము తూచి, మూసలోనుంచి, దాదాపు 550 మొదలు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల కొలిమిలో గంటలకొలది కాల్తురు. మాంసకృత్తులు, క్రొవ్వులు, పిండిపదార్థములు, పీచు అన్నియు వాయువులై పోగా అగ్నికి లొంగనిది మూస యడుగున మిగులును. కాల్షియము, భాస్వరము, మెగ్నీషియము, పొటాషియము, సోడియము మున్నగు ఖనిజములు అధికముగను, ఇనుము, జింకు, రాగి మున్నగునవి లేశమాత్రముగను ఆ శేషమునందు కలవు. ఎముక ఎక్కువగా నలిగి కలసిన మాంసపుపొడిని గాని చేపపొడిని గాని వాడినచో బూడిద హెచ్చును. కావున ఆ అంకె ఖనిజముల మొత్తమును తెలుపునే కాని అందులో దేని వాటా యెంతయో తెలుపదు. అయినను దానివలన నిశ్చయమైన ప్రయోజన మొకటి కలదు: మాంసకృత్తులు, క్రొవ్వు, పీచు, తేమ, బూడిద అను నైదింటిని కూడి నూటిలోనుండి తీసివేసినచో శేషించునది రమారమిగా పిండిపదార్థము. మాంసాహారియైన జంతువునకు మనము ఎంత పిండి పెట్టుచున్నామో తెలిసికొనుటకు, పిండి అంకెను విడిగా వేయని సంచులపై, ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

1970 దశకమున అమెరికాలోని పశువైద్యులను మిక్కిలి బాధించిన వ్యాధి మగపిల్లుల మూత్రబంధము. మగపిల్లి మూత్రనాళము కడు సన్నము. దానిలో ఇసుకవంటి స్ఫటికములు జిగటతో కలిసి బిరడాయై నిలిచిపోవుటవలన జంతువు విలవిలలాడుచు చనిపోవుచుండెను. ఆ స్ఫటికమును పరీక్షింపగా మెగ్నీషియము, అమ్మోనియము, భాస్వరము కూడి యేర్పడు స్ట్రువైట్ అని తేలినది. తిండి బూడిదలో మెగ్నీషియమును భాస్వరమును ఉన్నవి గదా. కావున బూడిదయే దోషి యని పలువురు నిర్ణయించిరి, ‘తక్కువ బూడిద’ యను మాట డబ్బాలపై కెక్కినది. పిదప దోషమంతయు మెగ్నీషియము నెత్తిన పడినది. 1985లో బఫింగ్టన్, రోజర్స్, మోరిస్ అను పరిశోధకులు చేసిన పరీక్ష ఈ నిర్ణయమును కదల్చినది. మెగ్నీషియమును ఆక్సైడు రూపమున పెట్టినప్పుడు పిల్లుల మూత్రము క్షారమై స్ట్రువైట్ స్ఫటికములు కట్టెను. దానినే క్లోరైడు రూపమున పెట్టినప్పుడు మూత్రము ఆమ్లముగనే యుండి స్ఫటికములు కట్టలేదు. ఖనిజ మదియే, ఫలము వేఱు. ఒక ధాతువు శరీరములో మేలు చేయునా కీడు చేయునా యనునది దాని తూకమునుబట్టియే గాక, అది ఏ లవణముగా లోనికి వచ్చినది, వచ్చి మూత్రము స్వభావము నెటు మార్చినది యనుదానినిబట్టియు నుండునని ఈ పరీక్ష చెప్పుచున్నది. పిల్లి తిండిని గూర్చి నేను చదివినవానిలో నా మనసున కింత గట్టిగా నాటినది మఱియొకటి లేదు.

పరిశ్రమవారు ఈ జ్ఞానమును వెంటనే వినియోగించి, మెగ్నీషియమును తగ్గించి, మూత్రము ఆమ్లమగునట్లు తిండిని మార్చిరి. స్ట్రువైట్ నిజముగానే తగ్గినది. కాని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో కార్ల్ ఆస్బర్న్ ఆధ్వర్యమున 1981లో నెలకొన్న మూత్రాశ్మరీ పరిశోధనకేంద్రమునకు వచ్చిన పిల్లుల రాళ్ళ లెక్కను చూడుడు: ఆరంభసంవత్సరమున నూటికి 78 స్ట్రువైట్, కాల్షియము ఆక్సలేటు రాళ్ళు నూటికి రెండు మాత్రమే, 2002 నాటికి ఆక్సలేటు రాళ్ళు నూటికి ఏబదిని దాటిపోయినవి. కారణములలో వయస్సు, జాతి మున్నగునవియు కలవు. అయినను తిండిలో వచ్చిన మార్పును పరిశోధకులు ముఖ్యముగా శంకించిరి. ఆమ్లము మితిమీరినచో శరీరము దానిని చల్లార్చుటకు ఎముకలలోని లవణములను కరగించి, ఆ కాల్షియమును మూత్రములోనికి వదలును. మఱియు, దోషియని వెడలగొట్టబడిన మెగ్నీషియము ఆక్సలేటు స్ఫటికములు కట్టకుండ అడ్డుకొనెడి కాపరులలో నొకటి. స్ట్రువైట్ రాతిని తగిన తిండితో కరగింపవచ్చును. ఆక్సలేటు రాయి తిండికి కరగదు, తఱచుగా దానికి కత్తియే శరణ్యము.

అంతటితో ఆగలేదు. 1987లో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు, మెడ నిలువక తల వ్రేలవైచి తిరుగుచున్న పిల్లులను పరీక్షించి, వాని రక్తములో పొటాషియము క్షీణించినదని కనిపెట్టిరి. మూత్రమును ఆమ్లము చేయు తిండిలో పొటాషియము చాలినంత లేకపోయినచో కండరములు ఇట్లు సడలునని తేలి, తిండ్లలో దాని పాళ్ళు పెంచవలసి వచ్చెను. ఆ యేడే డేవిస్‌నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి పాల్ పియన్ ప్రభృతులు, టారిన్ అను పదార్థపు కొఱతచేత పిల్లుల గుండె ఉబ్బి నీరసించుచున్నదనియు, టారిన్ ఇచ్చినచో కోలుకొనుచున్నదనియు వెల్లడించిరి. టారిన్ ఖనిజము కాదు. అయినను దాని నిచట తలచుటకు హేతువు కలదు. ఆ పిల్లులు తినినవి సంతులితములని పేరుపొందిన అంగడితిండ్లే.

మన పల్లెలలోను పాతయిండ్లలోను పిల్లికి ఎవ్వరును ఖనిజముల లెక్క చూడలేదు. కుండలో మిగిలిన పెరుగన్నమో, పాలన్నమో, చేపలు కడిగినప్పుడు తలయో తోకయో పడవేసెడివారు. అది చాలెడిది కాదు. చాలనిదానిని పిల్లి తానే వేటాడి సమకూర్చుకొనెడిది. ఎలుక దేహములో మూడింట రెండుపాళ్ళు నీరు. దాని యెముకలలో కాల్షియము, భాస్వరము తగుపాళ్ళలో కలవు. దాని కండలో, గుండెలో టారిన్ కలదు. ఈనాడు హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో అయిదవ అంతస్తులో కిటికీలకు వల బిగించి పెంచెడి పిల్లికి ఎలుక లేదు, గోడదూకుట లేదు, మనము గిన్నెలో పోసినదానికి వెలియైన ఆహారము లేదు. తలుపు మూసినవారు ఎలుక చేసెడి పని యంతయు తామే చేయుటకు పూనుకొన్నవారే యగుదురు. ఆ బాధ్యతచేతనే ఈ చిన్న అక్షరములు నా కంటికి పెద్దవై తోచును. తెలంగాణములో సిద్ధిపేట జిల్లాయందు మార్స్ సంస్థవారి పెంపుడుజంతువుల ఆహారపు కర్మాగార మున్నది. ఈ తిండి ఇప్పుడు ఓడలలో వచ్చు దూరదేశపు వస్తువు కాదు, మనయూరి కిరాణాకొట్టు సరకు.

అంగడితిండిని నమ్మక ఇంటిలోనే వండిపెట్టువారిని గూర్చియు ఒకమాట చెప్పవలెను. కూనకు ప్రేమతో ఎముక తీసిన కోడిమాంసమును ఉడికించి అదియే నిత్యమును పెట్టుట బహుగృహములలో చూచితిని. మాంసమునందు భాస్వరము కాల్షియమునకు పదియైదు, ఇరువది రెట్లు. రక్తములో తగ్గిన కాల్షియమును నిలుపుటకై శరీరము కూన యెముకలనే త్రవ్వుకొనును. పెరుగవలసిన యెముకలు పలుచనై, చిన్న దూకుడునకే విరుగును. అట్లు పెట్టిన గృహిణి లోపము చేసినది కాదు, మంచి మాంసమే పెట్టినది. మంచి పదార్థ మొక్కటియే మంచి యాహారము కానేరదు.

ఇక పట్టికను చదువు పద్ధతి. తడితిండి పౌచ్‌పై బూడిద నూటికి 2 అని యుండును, పొడిగుళికల సంచిపై 7.2 అని యుండును. పౌచ్ మేలని తోచును. కాని పౌచ్‌లో తేమ నూటికి 80. ఘనపదార్థము 20 మాత్రమే. 2ను ఇరువదిచే భాగించి నూటితో హెచ్చవేసినచో పది వచ్చును. గుళికలలో తేమ 10, 7.2ను తొంబదిచే భాగించి హెచ్చవేసినచో ఎనిమిది. తక్కువయని తోచినదే ఎక్కువయైనది. ఏ ఖనిజమునైనను ఇట్లు నీటిని తీసివేసియే పోల్చవలెను. ప్రతి వేయి కాలరీల కెంతయని లెక్కించుట యింకను మేలు. అమెరికాలో పశ్వాహారమును నియంత్రించు అధికారుల సంఘమైన ఆఫ్కో నిర్దేశించిన కనిష్ఠ ప్రమాణములు, నీరు తీసివేసిన లెక్కన, ఎదిగిన పిల్లికి కాల్షియము నూటికి 0.6, భాస్వరము 0.5, మెగ్నీషియము 0.04, పెరిగెడి కూనకు వరుసగా 1.0, 0.8, 0.08. ఇవి కనీసములని మఱువరాదు. అంగడిలో దొరకు తిండ్లు తఱచుగా వీనిని మించియే యుండును.

లెక్కలో తీసివేసిన ఆ నీరే గిన్నెలో మాత్రము అన్నిటికంటె ముఖ్యమైనది. పిల్లి పూర్వులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియాల ఎండుభూములలో వేటాడినవి. వానికి దాహము స్వల్పము, మూత్రము మిక్కిలి చిక్కన. పొడిగుళికలు తిను పిల్లి నీటిని ఎక్కువగా త్రాగునది నిజమే; అయినను తడితిండి తినుదానితో పోల్చినచో దాని దేహమునకు చేరు మొత్తము నీరు తక్కువ. ఒక రాతికి ఆమ్లము మందు, మఱియొక రాతికి అదియే శంకాస్పదము. పలుచని మూత్రము మాత్రము రెంటికిని విరోధి. అందుచేత ఖనిజములను గూర్చి నన్నడిగినవారికి నేను మొదట నీటినే చెప్పుదును: రోజున కొకపూటయైనను తడితిండి పెట్టుడు, గుళికలను తడిపి చూడుడు, నీటిగిన్నెలు రెండుమూడు చోట్ల నుంచుడు.

భాస్వరమును గూర్చి యిటీవలి పరిశోధన ఆ 1985 నాటి పాఠమునే మఱల చెప్పుచున్నది. ఎముకలోని భాస్వరము నెమ్మదిగా, కొంతమాత్రమే యొంటబట్టును. రుచికిని ముక్కల బిగువునకును కలిపెడి సోడియము ఫాస్ఫేటువంటి కరిగెడి లవణములలోని భాస్వరము వేగముగా రక్తములో చేరును. అట్టి లవణములు అధికముగా గల తిండి ఆరోగ్యవంతములైన పిల్లుల మూత్రపిండములనుగూడ బాధించునని పరీక్షలలో కనబడినది. ముసలిపిల్లులలో మూత్రపిండముల క్షయము సామాన్యవ్యాధి గనుక, ముడిపదార్థముల జాబితాలో ‘ట్రైపాలీఫాస్ఫేట్’ అను మాటకై వెదకుట నేను విడువను.

నేను చూచిన సంచులలో మెగ్నీషియపు అంకె అరుదు, భాస్వరపు అంకె కొన్నిటిపైననే కలదు. లేనిచోట తయారుచేసినవారికి వ్రాసి యడుగవలెను. పరీక్ష చేయించినవారి యొద్ద ఆ లెక్క తప్పక యుండును, దానిని కొనుగోలుదారునకు చెప్పుట వారి విధియని నా దృఢాభిప్రాయము. రాళ్ళు కరగించుటకు పశువైద్యులు వ్రాసి యిచ్చు ప్రత్యేకాహారమును మాత్రము వారు చెప్పిన గడువు దాటి పెట్టరాదు, ఇంటిలోని కూనలకు పెట్టరాదు. మూత్రపరీక్ష చేయించి, ఆమ్లక్షారములను చిక్కదనమును చూచిన పిమ్మటనే తిండి మార్చుట యుక్తము. పిన్నిగారి పిల్లి మగపిల్లి. కనుక ఆమెకు చివర చెప్పినది తిండిని గూర్చినది కాదు. అది మాటిమాటికి మట్టితొట్టిలో కూర్చుండి చుక్కయు పోయలేక అఱచుచున్నచో, రేపటిదాక చూతమనవలదని చెప్పితిని. బంధించిన మూత్రముతో పొటాషియము రక్తములో పేరుకొని గుండెను ఆపివేయును గనుక, రాత్రియైనను పగలైనను ఆ గంటలోనే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెనని.